లేత మొక్కలకు జింకల బెడద : పంచాయతీలు చేయదగిన రక్షణ

తొలకరి జల్లులు పడిన వెంటనే మన గ్రామములలో మొక్కలు నాటు సందడి ఆరంభమగును. 1950వ సంవత్సరము జూలై నెలలో ఆనాటి కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖామాత్యులు కె. ఎం. మున్షీ వనమహోత్సవమునకు నాంది పలికిరి. నాటినుండి అది ఏటేటా వచ్చు పండుగ అయినది. తెలంగాణములో 2015లో హరితహారము ఆరంభమైన పిమ్మట ఈ పని ఇంకను విస్తరించినది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీకొక నర్సరీ ఉండవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు నిర్దేశించి, ఆ భారమును సర్పంచిపైనను, కార్యదర్శిపైనను ఉంచినది. కనుక మొక్కను నాటుట పనిలో సగభాగము మాత్రమే. దానిని చెట్టుగా చేయుట మిగిలిన సగము. కష్టమంతయు ఆ రెండవ సగములోనే యున్నది.

మొక్కకు శత్రువులు పెక్కు. ఎండ, చెద, పశువులు, నిప్పు అందరికి తెలిసినవే. అడవి అంచున గల గ్రామములలో వీనికి తోడు జింకల బెడద కలదు. ఈ విషయమును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులను ఈ వ్యాసములో వివరింప నెంచితిమి.

ఒక గ్రామములో జరిగిన తగవు

అమ్రాబాదు అడవులకు సమీపముననున్న ఒక గ్రామమునకు మేము వెళ్ళిన దినమున పంచాయతీ కార్యాలయము ఎదుట నలుగురు గుమిగూడి యుండిరి. ఊరికి వచ్చు బాటకు ఇరువైపుల నాటిన కానుగ, వేప, నేరేడు మొక్కలలో చాలభాగము కొనలు పోయి మోడులై నిలిచినవి. కొన్నింటికి బెరడు ఊడిపోయినది. ఊరిలో మేకల మంద గల వృద్ధుడొకడే. అతనికి జరిమానా విధింపవలెనని కొందరు సభ్యులు పట్టుబట్టిరి. మరికొందరు యువకులు ఇంకొక ఉపాయము చెప్పిరి. మొక్కల వెంట ఒక తీగ లాగి రాత్రివేళ కరెంటు పెట్టినచో తినవచ్చినది ఏదైనను తెల్లవారునప్పటికి తెలిసిపోవునని వారి వాదన.

సర్పంచి చదువుకొన్న యువతి. ఆమె మమ్ములను, ఆ వృద్ధుని వెంటబెట్టుకొని బాట వద్దకు వచ్చినది. వృద్ధుడు ఒక వేప మొక్క ముందు కూర్చుండి, వ్రేలాడుచున్న బెరడు పోగులను మాకు చూపెను.

"సారూ, నా మేకలు తిన్నయంటున్నరు. తింటే ఒప్పుకుంట. గని ఈ తోలు జూడుండ్రి. మేకైతే పండ్లతోని గీరి తోలు తింటది. గిట్ల చీరి యాలాడదీసి ఇడిసిపెట్టదు. ఇది దుప్పిపోతు కొమ్ములు రాసుకున్న పని."

"తాతా, మరి ఆ దినం పంచాయతిల గీ మాట ఎందుకు చెప్పకపోతివి?" అని సర్పంచి అడిగినది.

"చెప్తే ఇన్నదెవరు బిడ్డా?" అని అతడు బదులిచ్చెను.

ఆ సాయంకాలము జల్లెడ పట్టిన మన్నును పది మొక్కల మొదళ్ళ చుట్టు పలుచగా పరపించిరి. మేకల మంద దొడ్డిలోనే యుండెను. తెల్లవారి చూడగా ఆ మన్నుపై సన్నగా, మొన దేలిన గిట్టల జాడలు స్పష్టముగా పడియుండెను. జరిమానా మాట అక్కడితో ముగిసినది. కరెంటు తీగ మాటయు ముగియుటకు మాత్రము మరికొంత సంభాషణ కావలసివచ్చినది. దానిని ముందు చెప్పుదుము.

ఈ సంఘటననుండి పంచాయతీలు గ్రహింపవలసిన మొదటి పాఠ మిది. నష్టము చేసినది ఎవరో నిశ్చయించుకొనక ముందు శిక్షయు వేయరాదు, ఖర్చును చేయరాదు.

నష్టము చేసినది ఏ జంతువు?

మొక్క కొన తెగిన తీరును చూచినచో చాలవరకు తెలియును. కుందేలు కొరికిన కొమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్లు నునుపుగా నుండును. దానికి పై దవుడను, క్రింది దవుడను పదునైన ముందు పండ్లు కలవు. జింక జాతికి పై దవుడ ముందు భాగమున పండ్లు లేవు. అది కొమ్మను పట్టి లాగి త్రెంచును. కనుక తెగిన చోటు పీచులు లేచి చిరిగినట్లుండును. కుందేలు చేయు నష్టము మోకాలి ఎత్తునకు లోపుననే యుండును.

ఆవు, మేక, గొఱ్ఱెలకును పై ముందు పండ్లు లేవు. కావున చిరిగిన కొనను మాత్రమే చూచి జింకయని నిర్ణయించుట పొరపాటు. అప్పుడు మూడు గుర్తులు వెదుకవలెను. మొదటిది గిట్టల జాడ. మేక గిట్ట జాడ మొన మొద్దుగా, వెడల్పుగా నుండును. చుక్కల దుప్పి జాడ సన్నగా మొన దేలి యుండును. రెండవది వేళ. మంద దొడ్డిలోనున్న రాత్రి, తెల్లవారుజాములలో నష్టము జరిగినచో అది మేకల పని కాదు. మూడవది బెరడు. మోకాలికిని నడుమునకును మధ్య ఎత్తులో బెరడు నిలువున చీలి, పోగులు పైనను క్రిందను వ్రేలాడుచు, పండ్ల గాట్లు లేకున్నచో అది కొమ్ముల రాపిడి యని తెలియవలెను.

మన ప్రాంతమున తిరుగు జాతులు

జింక యను ఒకే పేరుతో మనము పలు జంతువులను పిలుచుచున్నాము. వాని యలవాట్లు వేరు, ఎత్తులు వేరు. కంచె ఎత్తును నిర్ణయించుటకు ఈ భేదము తెలియుట అవసరము.

చుక్కల దుప్పి నల్లమల, కవ్వాలు, ఏటూరునాగారము మొదలగు అడవులలో మందలుగా తిరుగును. భుజము వద్ద సుమారు 3 అడుగుల ఎత్తు. నిలుచుండి నాలుగున్నర, ఐదు అడుగుల వరకు అందుకొనును. ఒక్కొక్కప్పుడు వెనుక కాళ్ళపై లేచి అంతకు మించి కూడ అందుకొనును. గడ్డి దొరికినంత కాలము గడ్డినే మేయును. గడ్డి ఎండిన తరువాత ఆకులకు, చిగుళ్ళకు దిగును.

కణితి దట్టమైన కొండ అడవులలో నుండును. భుజము వద్ద 4 మొదలు 5 అడుగుల ఎత్తు. ఎక్కువగా రాత్రులందు తిరుగును. ఆరడుగుల ఎత్తున నున్న చిగురు సైతము దీనికి అందును.

కృష్ణజింక అడవికంటె బయలు ప్రదేశములను కోరును. నారాయణపేట జిల్లాలో కృష్ణానదీ తీరపు గ్రామములయందును, ఆంధ్రప్రదేశ్‌లో రోళ్ళపాడు పరిసరములయందును దీని మందలు పైరులపై పడుట రైతులకు అనుభవమే. ఎత్తు రెండున్నర అడుగులకు కొంచెము మించును. ప్రధానముగా గడ్డి మేయు జంతువగుటచే చెట్ల మొక్కలకంటె పైరులకు దీనివలన నష్టమెక్కువ.

మనుబోతు, అనగా నీలుగాయి, వీనిలో పెద్దది. గుఱ్ఱమంత ఎత్తు పెరుగును. ఇది సంచరించు చోట ఆరడుగులకు తక్కువ రక్షణ పనికిరాదు.

వీనిలో దుప్పి, కణితి నిజమైన జింక జాతివి. మగవానికి కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. క్రొత్త కొమ్ము పెరుగునప్పుడు మెత్తని నూగు చర్మముతో కప్పబడియుండును. కొమ్ము గట్టిపడగానే ఆ చర్మము ఎండి ఊడును. దానిని వదల్చుకొనుటకును, తమ వాసనను గుర్తుగా విడుచుటకును అవి మొక్కల కాండములకు కొమ్ములను రాయును. బొటనవ్రేలి మందము మొదలు మణికట్టు మందము వరకు గల కాండము లందుకు అనువుగా నుండును. చుక్కల దుప్పిలో మగవన్నియు ఒకే కాలమున కొమ్ములు రాల్చవు. కనుక ఈ రాపిడి భయము ఏడాది పొడవునను కలదు. కృష్ణజింకకును, మనుబోతునకును కొమ్ములు జీవితకాలము రాలవు.

నర్సరీ మొక్కలనే యేల తినును?

ఎదుట అడవి యంతయు ఉండగా మనము నాటిన మొక్కనే యేల తినునని సభ్యులు అడుగుదురు. ఇందుకు కారణములు స్పష్టముగా నున్నవి. నర్సరీలో ఎరువు, నీరు సమృద్ధిగా పొందిన మొక్క ఆకులలో పోషక పదార్థము ఎక్కువ, పీచు తక్కువ. జంతువు దానిని రుచిచే గుర్తించును. మాఘ ఫాల్గుణములు దాటి అడవిలో ఆకు రాలి గడ్డి ఎండినప్పుడు, మనము ట్యాంకరుతో నీరు పోసిన మొక్క ఒక్కటే పచ్చగా కనబడును. మొక్క మొదట నిలిచిన నీరు కూడ వాని నాకర్షించును. ఇంతేగాక మొక్క చుట్టునున్న పొదలనన్నిటిని నరికి శుభ్రము చేయుటచే అది బయటపడి నిలుచును. తంగేడు, వావిలి వంటి జంతువులు ముట్టని పొదల నడుమనున్న మొక్క వాని కంటబడుట తక్కువ. కనుక మొక్క మొదట రెండడుగుల మేర మాత్రము కలుపు తీసి, అటు తరువాత నున్న తంగేడు, వావిలి పొదలను ఉంచుట మేలు.

రక్షణ మార్గములు

మొదటి మార్గము ముండ్లకంప. ఖర్చు తక్కువ, ఫలితమెక్కువ. అయితే అది సరిగా కట్టబడవలెను. మొక్కకు ఒకటిన్నర అడుగు దూరమున మూడు వైపుల మూడు గుంజలు పాతవలెను. గుంజ పొడవు ఆరున్నర అడుగులు ఉండవలెను. అందు ఒకటిన్నర అడుగు భూమిలోనికి పోగా ఐదడుగులు పైన నిలుచును. కణితి, మనుబోతు తిరుగు చోట్ల మరియొక అడుగు చేర్చవలెను. భూమిలో పాతు భాగమును నిప్పుపై పైపైన కాల్చి నల్లబరచినచో చెద త్వరగా పట్టదు. ఈ గుంజల చుట్టు సర్కారు తుమ్మ లేక రేగు కంపను నేలనుండి కొన వరకు సందు లేకుండ చుట్టి రెండు మూడు చోట్ల తీగతో బిగింపవలెను. నీరు పోయుటకు ఒకవైపు తీసి పెట్టదగిన చిన్న కట్టను ఉంచవలెను.

ఇక్కడ సాధారణముగా జరుగు తప్పులు మూడు. కంపను మొక్కకే ఆనించి చుట్టుట మొదటిది. దానివలన లేత బెరడు గీసుకొనిపోవును, కంపకు పట్టిన చెద మొక్కకు ప్రాకును. మొక్కను గుంజగా భావించి తీగను దానికే కట్టుట రెండవది. కాండము లావెక్కగానే ఆ తీగ లోనికి దిగి దానిని ఉరిదీయును. ఎండుగడ్డిని చుట్టు విడిచిపెట్టుట మూడవది. ఎండిన కంప బీడీ నిప్పునకే అంటుకొనును. కనుక శివరాత్రికి ముందే మూడడుగుల మేర ఎండుగడ్డిని గీకి వేయవలెను.

రెండవ మార్గము వెదురు బద్దల తడిక, లేక ఇనుప జాలీ గూడు. ఇవి బాట ప్రక్కన, పాఠశాల ఆవరణలో చూడముచ్చటగా నుండును. వెదురు తడిక రెండు మూడేండ్లు నిలుచును. ఇనుప గూడు ఒక మొక్క ఎదిగిన పిమ్మట ఊడదీసి మరియొకదానికి వాడవచ్చును. కావున వానికి సంఖ్యలు వేసి పంచాయతీ రిజిష్టరులో వ్రాయుట అవసరము.

మూడవ మార్గము మొత్తము స్థలమునకు కంచె. ప్రకృతివనము, బంజరు భూమిలో తోట వంటి వానికి ఇదియే ఆదాయకరము. లెక్క చూడుడు. చదరముగానున్న ఎకరము చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పదడుగుల ఎడముతో అందు 435 మొక్కలు పట్టును. ఒక్కొక్క మొక్కకు మూడు గుంజలు చొప్పున 1,300 గుంజలు కావలెను. చుట్టుకంచెకు పదడుగులకొకటి చొప్పున 84 స్తంభములు చాలును. స్థలము నాలుగెకరములైనచో మొక్కలు నాలుగింతలగును గాని చుట్టుకొలత రెండింతలు మాత్రమే యగును. కనుక స్థలము పెద్దదైన కొలది కంచె ఖర్చు మొక్కకు తగ్గుచు పోవును. బాట వెంట వరుసగా నాటినచో ఈ లాభము లేదు. ఒక కిలోమీటరు బాటకు ఒక ప్రక్కనే పదడుగుల ఎడముతో సుమారు 328 మొక్కలు పట్టును. వానికి విడివిడిగా రక్షణ తప్పదు. అందుచే జింకల బెడద గల గ్రామములు కొన్ని మొక్కలను బాట వెంటను, ఎక్కువ మొక్కలను ఒకేచోటను నాటుట మంచిది.

చుట్టుకంచె దుప్పులకు ఆరడుగులకు తక్కువ కాకూడదు. ఏడెనిమిది అడుగులైన నిశ్చింత. జింక దూకుటకు ముందు ఆవలి నేలను చూచుకొనును. కనుక కంచె వెంట సీమచింత, గచ్చకాయ, వాక వంటి ముండ్ల జాతులను రెండు వరుసలుగా పెంచినచో ఎత్తు కొంత తగ్గినను దూకుటకు అది సంకోచించును. ఈ జీవకంచె దట్టమగుటకు రెండు మూడేండ్లు పట్టును. కావున తోట నాటుటకు ముందటి వానకాలముననే కంచె విత్తనములు వేయుట వివేకము. పశువులకై త్రవ్వు కందకము ఒక్కటే జింకలను ఆపలేదు. అవి దానిని సులభముగా దాటును. కందకపు మట్టిని లోపలి వైపు గట్టుగా పోసి, ఆ గట్టుపై ముండ్ల జాతులను పెంచినప్పుడే అది ఉపకరించును.

నాలుగవ మార్గము వాసన మందు. కోడిగ్రుడ్లను పగులగొట్టి బాగుగా గిలకొట్టి, ఒక వంతు గ్రుడ్డునకు నాలుగు వంతుల నీరు కలిపి, పలుచని గుడ్డతో వడగట్టి, చిగుళ్ళపై చల్లవలెను. వడగట్టనిచో పిచికారి ముక్కు పూడిపోవును. ఎండి కుళ్ళిన గ్రుడ్డు వాసనను ఆకు తిను జంతువులు సహింపవు. నెలకొకసారియు, పెద్దవాన కురిసినపుడును, క్రొత్త చిగురు వచ్చినపుడును మరల చల్లవలెను. ఇది కంచెకు తోడు మాత్రమే. కరవు నెలలలో ఆకలి మిక్కుటమైనప్పుడు వాసనను లెక్కచేయక తినును.

పాత చీరలు కట్టుట, డబ్బాలు మ్రోగించుట, దిష్టిబొమ్మలు నిలుపుట మొదలగు పద్ధతులను మన రైతులు ఎరుగుదురు. ఇవి కొలది దినములు పనిచేయును. తరువాత జంతువు వానికి అలవాటుపడును. కాపు కాయు మనిషి లేని చోట వీనిని నమ్ముట వ్యర్థము. కుక్కలను ఉసిగొల్పుట అంతకంటె చెడ్డది. కుక్కలు తరుమగా కృష్ణజింకలు చచ్చుట తరచుగా జరుగుచున్నది. అది చట్టరీత్యా నేరము కూడ.

ఏ మొక్క నాటవలెను?

అడవికి దగ్గరనున్న వరుసలలో జంతువులు అంతగా కోరని కానుగ, సీతాఫలము వంటి వానిని నాటి, లోపలి వరుసలలో ఉసిరి, నేరేడు, రావి, మర్రి నాటుట మంచి ఏర్పాటు. ఏ మొక్కనైనను ఆకలిగొన్న జంతువు తినదని హామీ లేదు. ఆకును తినకపోయినను కొమ్ములు రాయవచ్చును. కాబట్టి జాతి ఎంపిక రక్షణకు బదులు కానేరదు.

మొక్క వయస్సు కూడ ముఖ్యము. అడుగు, అడుగున్నర మొక్కలకు బదులు పెద్ద సంచులలో పెంచిన ఐదారు అడుగుల మొక్కలను బాట వెంట నాటినచో నడికొన త్వరలో దుప్పికి అందని ఎత్తునకు పోవును. నడికొన ఆరడుగులు దాటిన పిమ్మట చిగురు భయము తగ్గును. కాని కాండము మణికట్టు మందము మించి బెరడు గట్టిపడు వరకు కొమ్ముల భయము మిగిలియుండును. అందుచే పై కంపను తీసివేసినను మొదటినుండి నాలుగడుగుల ఎత్తు వరకు వెదురు బద్దలను వదులుగా కట్టియుంచవలెను. ఆ కట్లను ప్రతి ఆరు నెలలకు సడలింపవలెను.

దెబ్బతిన్న మొక్కను పెరికివేయకుడు

కొన పోయినంత మాత్రమున మొక్క చావదు. వేప, కానుగ, చింత, టేకు మోడునుండి మరల చిగిర్చు శక్తి గలవి. చిరిగిన భాగమునకు కొంచెము క్రిందుగా, మొగ్గకు పైన, పదును కత్తితో నునుపుగా కోయవలెను. వచ్చిన పిలకలలో నిటారుగా, బలముగా నున్న దానినొక్కదానిని ఉంచి తక్కినవానిని తుంచవలెను. బెరడు ఒక ప్రక్కనే ఊడినచో గాయము దానంతటదే పూడును. చుట్టును ఉంగరము వలె ఊడినచో పై భాగము ఎండిపోవుట నిశ్చయము. అట్టి దానిని తొలకరిలో నేలకు జానెడు ఎత్తున నరికి కంప కట్టినచో, వేరు నిలదొక్కుకొనియున్నందున క్రొత్త మొక్కకంటె వేగముగా పిలక లేచును. ఈ సంగతి తెలియక పలు గ్రామములలో బ్రతికియున్న వేరును పెరికి క్రొత్త మొక్క నాటుచున్నారు.

కరెంటు తీగ : ఎన్నటికిని తగదు

ఇక ఆ గ్రామపు యువకులు చెప్పిన ఉపాయమును గూర్చి. లైను నుండి నేరుగా తీగ లాగి కంచెకు కరెంటు ఇచ్చుట మన గ్రామములలో అప్పుడప్పుడు జరుగుచున్నది. దానికి తగిలి తెల్లవారుజామున పొలమునకు పోవు రైతులు, మేత మేయు ఎడ్లు, తుదకు పులులు సైతము ప్రాణములు కోల్పోయిన సంఘటనలు కలవు. ఆ తీగకు దుప్పి యెవరో, మనిషి యెవరో తెలియదు. సర్పంచి ఆ యువకులతో నన్న మాట ఒక్కటే: "రేపు పొద్దున ఆ తీగ కాడ మన ఇంటోళ్ళే పడి ఉంటే, చెట్టు బతికిందని సంబురపడుదమా తమ్ముడూ?" వారు తలలు వంచుకొనిరి.

చట్టము కూడ కఠినముగా నున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఉచ్చు పన్నుట, వల వేయుట, విద్యుత్తుతో చంపుట, అందుకు యత్నించుట సైతము వేట క్రిందికే వచ్చును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ జరిమానాలను పెంచినది. సామాన్యముగా మూడేండ్ల వరకు ఖైదు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మొదటి షెడ్యూలులోని కృష్ణజింక వంటి జంతువు విషయమున మూడేండ్లకు తక్కువ కాని, ఏడేండ్ల వరకు ఖైదును, 25 వేల రూపాయలకు తక్కువ కాని జరిమానాను కలవు. లైనునుండి కరెంటు లాగుట 2003 నాటి విద్యుత్ చట్టము క్రింద చౌర్యము. మనుష్య ప్రాణము పోయినచో ఆ నేరము వేరు.

సౌర విద్యుత్ కంచె వేరు విషయము. అందు ప్రత్యేక యంత్రము క్షణకాలము మాత్రము సాగు స్వల్ప శక్తి గల దెబ్బను విడిచి విడిచి పంపును. జంతువు బెదరి వెనుకకు పోవును గాని చావదు. ప్రామాణికమైన యంత్రమును తెలిసినవారిచే అమర్పించి, హెచ్చరిక పలకలు కట్టి, తీగకు గడ్డి తగులకుండ చూచుకొన్నప్పుడే అది పనిచేయును.

పంచాయతీ చేయదగిన ఏర్పాటు

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో సామాజిక అడవుల పెంపకము పంచాయతీల విషయములలో నొకటిగా పేర్కొనబడినది. అడవులను, వన్యప్రాణులను కాపాడి, జీవకోటియందు దయ గలిగియుండుట పౌరుల ప్రాథమిక విధియని 51-ఏ అధికరణము చెప్పుచున్నది. ఈ రెండు విధులును పరస్పర విరుద్ధములు కావు. ఈ క్రింది ఏర్పాటును ప్రతి పంచాయతీ తన శక్తికొలది అనుసరింపవచ్చును.

వేసవిలోనే గ్రామసభయందు మొక్కల సంఖ్యతోపాటు గుంజల, కంపల సంఖ్యను కూడ తీర్మానింపవలెను. రక్షణకు చేతనగునన్ని మొక్కలనే నాటవలెను. వేయి నాటి వంద దక్కించుకొనుటకంటె మూడువందలు నాటి అన్నియు నిలుపుకొనుట మేలు. గుంతలు త్రవ్వునాడే గుంజలు స్థలమునకు చేరవలెను. నాటిన దినముననే కంప కట్టవలెను. మరునాటికి వాయిదా వేసినచో ఆ రాత్రియే నష్టము జరుగవచ్చును.

నెలకొకసారి వార్డు సభ్యుడు తన వార్డు మొక్కలను స్వయముగా చూచి, తెగినవి, రాచినవి, ఎండినవి వేరువేరుగా రిజిష్టరులో వ్రాయవలెను. మొక్కలు చచ్చినవి అని మాత్రము వ్రాసినచో మరుసటి ఏడు ఏమి మార్చవలెనో తెలియదు. కాపరులను, గొల్ల కురుమలను, చెంచులను ఈ పనిలో భాగస్వాములను చేయవలెను. అడవి జంతువుల రాకపోకలు వారికి తెలిసినంతగా మనకు తెలియవు. నష్టము ఎక్కువగానున్న చోట అటవీ బీటు అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. కొన్ని మొక్కలను కంచె లేకుండ విడిచి తక్కినవానితో పోల్చి చూచినచో, పెట్టిన ఖర్చు ఫలించినదో లేదో ఏ సభ్యునకైనను ప్రత్యక్షముగా బోధపడును.

మేము పైన చెప్పిన గ్రామమునకు మరుసటి ఏడు కార్తీకములో మరల వెళ్ళితిమి. బాట ప్రక్కన మోడులైన వేప, కానుగలు పిలకలు వేసి కంపల నడుమనుండి తలలెత్తియుండెను. ఆ కంపలు కట్టు పనిని చూచుచున్నది ఎవరో కాదు, నిరుడు జరిమానా పడవలసిన ఆ మేకల వృద్ధుడే. పంచాయతీ అతనికి ఆ బాట మొక్కల కాపు పని నప్పగించినది. ఆ సాయంకాలము చెరువు ఆవల దుప్పుల మంద ఒకటి గడ్డి మేయుచు కనబడినది. అతడు వానిని చూచి, "అటే మేయనీ సారూ, ఇటు రాకుండ నేనున్న గద" అనెను.

దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, జమ్మి రాష్ట్ర వృక్షము. రెండింటిని ఒకే గ్రామపు పొలిమేరలో నిలుపుకొనుటకు మూడు గుంజలు, ఒక మోపు కంప, నెలకొక పూట శ్రద్ధ చాలును. రాబోవు తొలకరికి మీ పంచాయతీ నర్సరీలో మొక్కలు ఎన్ని సిద్ధముగానున్నవో లెక్కించునప్పుడు, గుంజలు ఎన్ని సిద్ధముగానున్నవో కూడ లెక్కింపుడని మా మనవి.